చాకు పళ్ళన్నీ ఒకలా కోయవు

నమస్కారం అండీ. బల్ల మీద మూడు మడత చాకులున్నాయి. మూడింటికీ పళ్ళే, కానీ ఒకటి చేసే పని ఇంకోటి చేయదు. కెమెరా దగ్గరకు తెస్తున్నా, అంచు చూడండి.

ఇది స్పైడర్కో. అమెరికాలో కొలరాడో రాష్ట్రం, గోల్డెన్ ఊరి కంపెనీ. 1981లో తమ మొదటి మడత చాకు తెచ్చారు. ఒక పెద్ద వంపు, పక్కన రెండు చిన్న వంపులు, మళ్ళీ అదే వరుస. నైలాన్ తాడు మీద పెట్టి లాగుతున్నా... తెగింది. మళ్ళీ మెల్లగా చేస్తా, గమనించండి. మొనలు ముందు పోగుల్ని పట్టుకుంటాయి, తెగేది మాత్రం వంపు లోపల. వరి కోసే కొడవలికి కక్కు పెట్టించేదీ ఇందుకే, గడ్డి జారిపోకుండా. ఇంకో లాభం: గట్టి వస్తువు తగిలితే దెబ్బ మొనలే తింటాయి, వంపులో పదును అలాగే ఉంటుంది.

రెండోది కోల్డ్ స్టీల్, ఇదీ కంపెనీ పేరే. సన్నటి మొనలు గుంపుగా, మధ్యమధ్యలో ఒక వెడల్పు వంపు. తాడు మీద దీని దూకుడే వేరు. అట్టపెట్టె మీద మాత్రం చూడండి, పట్టుకుపోతోంది, అంచంతా పీచు లేచింది. పార్సిళ్ళు విప్పడానికైతే నేను దీన్ని కొనను.

మూడోది విక్టోరినాక్స్ మడత చాకు, బ్లేడు 11 సెంటీమీటర్లు. పళ్ళు అనడం కన్నా అలలు అనాలి. టమాటా, బ్రెడ్... అంతే, ఇక చెప్పేదేం లేదు, బ్రహ్మాండం.

ఇప్పుడు అందరూ భయపడే పని, సానపట్టడం. స్పైడర్కో బ్లేడు తిప్పి చూడండి. వంపులు ఒకవైపే తొలిచి ఉన్నాయి, రెండోవైపు చదును. చదును రాయి మీద పళ్ళ వైపు రుద్దితే మొనలు అరిగిపోతాయి, వంపుకి రాయి తగలనే తగలదు. అందుకే మూడు మూలల సిరామిక్ కడ్డీ. దాని మూల ఒక్కో వంపులోకి దిగాలి. కంపెనీ తొలిచిన వాలునే పట్టుకుని, బరువు వేయకుండా మెల్లగా లాగండి. కాసేపటికి చదును వైపు బొటనవేలు అంచు నుంచి బయటికి పోనిస్తే సన్నటి గరుకు తగులుతుంది. వేలు అంచు వెంబడి మాత్రం జరపకండి, టక్కున తెగుతుంది. ఆ గరుకు తగిలితే పదును వచ్చినట్టే. ఇక చదును వైపు కడ్డీకి పూర్తిగా ఆనించి ఒక్కసారి తేలిగ్గా లాగితే గరుకు పోతుంది.