కట్టెల పొయ్యి పెట్టుకుంటున్నారా?

శ్రోతలకు నమస్కారం.

గ్యాసు వచ్చాక కట్టెల పొయ్యి పని అయిపోయిందనుకున్నాం. కానీ ఏ ఊరికి వెళ్ళినా పెరట్లో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. చలికాలం వేన్నీళ్ళకి, సంక్రాంతికి అరిసెల పాకానికి, చుట్టాలొస్తే నాటుకోడి కూరకి, సిలిండర్ అయిపోతే అన్నానికి. ఈమధ్య టౌనుల్లో మేడ మీద కూడా ముచ్చటపడి కట్టించుకుంటున్నారు. కట్టించుకోండి, తప్పేం లేదు. కాకపోతే మేస్త్రీ వచ్చే ముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకసారి కట్టాక పొయ్యిని జరపలేం.

ముందు చోటు చూద్దాం. గ్యాసు సిలిండర్ ఉన్న వంటగదిలో కట్టెల పొయ్యి వద్దే వద్దు. వంటగ్యాసు గాలి కంటే బరువు. లీకయితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. కట్టెల పొయ్యి మండేదీ నేల మీదే కదా. అందుకని పెరట్లోనో, రెండు వైపులా తెరిచి ఉన్న వసారాలోనో పెట్టుకోండి. పైన తాటాకు చూరు గానీ, పక్కన గడ్డివాము గానీ ఉండకూడదు. గాలి ఎక్కువగా వచ్చే వైపు నడుమెత్తు గోడ కట్టిస్తే నిప్పురవ్వలు లేవవు. మేడ మీదయితే స్లాబు మీద నేరుగా మంట పెట్టకండి. ఇసుక పోసి, దాని మీద ఒక వరస ఇటుకలు పేర్చి, ఆపైన పొయ్యి కట్టాలి. టైల్సు, గ్రానైట్ బండలు వేడికి చిట్లిపోతాయి. ముక్క ఎగిరి కంట్లో పడితే ఎవరిననాలి?

కట్టడానికి ఇటుక, బంకమట్టి మంచివి. మట్టిలో ఊక కలిపి బాగా తొక్కితే పగుళ్ళు తక్కువ. వాగులో ఏరుకొచ్చిన రాళ్ళు వద్దు, లోపల తడి ఉంటే మంటకి పగులుతాయి. సిమెంటు ఎక్కువ వేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు గానీ వేడికి అదే ముందు బీటలిస్తుంది. కట్టాక నీడలో వారం రోజులైనా ఆరనివ్వాలి. మొదటి రోజే పెద్ద మంట పెట్టొద్దు, పుల్లలతో మొదలుపెట్టండి.

ఇల్లు చిన్నదై పొయ్యి లోపలే పెట్టుకోవాల్సి వస్తే పొగగొట్టం తప్పనిసరి. ఇది మనకి కొత్తేమీ కాదు. 1950లలోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు పొగరాని పొయ్యి ఒకటి తయారుచేశారు. ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు పెట్టుకునే వీలు, చివర పొగగొట్టం. ఆ సంస్థ ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి దాన్ని హెర్ల్ చూలా అన్నారు. ఆ తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పొయ్యిల కోసం జాతీయ కార్యక్రమమే మొదలుపెట్టింది. 2002లో అది ఆగేలోపు దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు. మరి అవన్నీ ఏమయ్యాయి? చాలా చోట్ల గొట్టం మసి పట్టి మూసుకుపోయింది, పొయ్యి పగిలింది, బాగుచేసే మనిషి రాలేదు. తర్వాత ఒడిశా పల్లెల్లో ఇలాంటి పొయ్యిల మీద పెద్ద అధ్యయనం జరిగితే అక్కడా అదే తేలింది. మొదటి ఏడాది పొగ తగ్గింది, ఆ తర్వాత ఆ లాభం నిలవలేదు. జనం వాటిని సరిగ్గా వాడలేదు, బాగుచేయించుకోలేదు. నన్నడిగితే తప్పంతా వాడినవాళ్ళది కాదు. గొట్టం పెట్టి వెళ్ళినవాళ్ళు దాన్ని ఎలా దులపాలో చూపించి వెళ్ళాల్సింది.

ఆ పని ఇప్పుడు మనం చేద్దాం. గొట్టం వంపులు లేకుండా నిటారుగా ఉండాలి. వేడి పొగ దానంతటదే పైకి లాగుతుంది, వంపు వచ్చిన చోటల్లా ఆగి మసి పడుతుంది. ప్లాస్టిక్ పైపు ఎవరెంత చెప్పినా పెట్టొద్దు, కరిగిపోతుంది. రేకు గొట్టమయితే చెక్కకీ తాటాకుకీ కనీసం అడుగున్నర దూరం ఉండాలి. కప్పు దాటాక మూడడుగులైనా పైకి లేవాలి. పది అడుగుల లోపల ఎత్తు గోడ గానీ మిద్దె గానీ ఉంటే దాని కంటే రెండడుగులు మించాలి, లేకపోతే గాలి తిరగబడి పొగంతా ఇంట్లోకే తోస్తుంది. పైన వాన పడకుండా చిన్న టోపీ. రోజూ వంట చేసేవాళ్ళు నెలకోసారి పొయ్యి చల్లారాక, పొడుగాటి కర్రకి గోనెపట్టా చుట్టి పైనుంచి కిందకి దులపాలి. పొడిగా రాలే మసితో భయం లేదు. తారులా మెరుస్తూ జిగురుగా అంటుకుంటే మాత్రం జాగ్రత్త. ఆ మసికి నిప్పంటుకుంటే గొట్టంలో హోరుమని చప్పుడు వస్తుంది. అప్పుడు కట్టెలు బయటికి లాగేసి, పొయ్యి నోరు రేకుతో మూసి, 101కి ఫోన్ చేయండి. వేడెక్కిన గొట్టంలో నీళ్ళు పోయకండి.

ఆ జిగురు మసి వచ్చేది పచ్చికట్టెల వల్లే. అప్పుడే నరికిన కట్టెలో దగ్గరదగ్గర సగం బరువు నీళ్ళే ఉంటాయి. మంట ముందు ఆ నీళ్ళని ఆవిరి చెయ్యాలి, ఆ తర్వాతే వంట. చీల్చి, ఎండలో పేర్చి, వాన తగలకుండా ఆరునెలలైనా ఉంచాలి. ఎండిన కట్టె కొసల్లో బీటలుంటాయి, బెరడు చేత్తో లాగితే వచ్చేస్తుంది, రెండు కట్టెలు కొడితే టంగుమంటాయి. తుమ్మ, సర్వి, చింత ఏదైనా ఫరవాలేదు. గన్నేరు కొమ్మలు మాత్రం పొయ్యి దరిదాపులకి రానివ్వొద్దు, దాని పొగ కూడా విషమే. పలాస వైపు జీడిపిక్కల తొక్కు బాగా మండుతుందని వాడతారు. దాని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, పొగ కళ్ళనీ గొంతునీ మండిస్తుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాల ప్యాకెట్లు కూడా వద్దు.

ఇక మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది కుంపటి దగ్గర. బాలింత గదిలో తలుపులు, కిటికీలు బిగించి, చలిగాలి తగలకూడదని కుంపటి పెడతారు. సాంబ్రాణి వేస్తారు. అరకులోనో, లంబసింగిలోనో, ఆదిలాబాద్‌లోనో డిసెంబరు రాత్రుల్లో మంచం పక్కన నిప్పులు పెట్టుకుని పడుకునేవాళ్ళూ ఉన్నారు. బొగ్గులకి పొగ రాదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. కానీ ఆ ఎర్రటి నిప్పుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది తిష్ఠ వేస్తుంది, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, తర్వాత మత్తు. ఆ మత్తుని నిద్ర అనుకుంటాం. గదిలో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే ఆలోచించక్కర్లేదు, తలుపులు బార్లా తీసి అందర్నీ బయటికి తీసుకురండి. తల్లికీ బిడ్డకీ వెచ్చదనం కావాలంటే గది ముందుగా కాచి, నిప్పులు బయట పెట్టేశాక పడుకోబెట్టండి. ఈ మాట ఇంట్లో అమ్మమ్మలకి నచ్చకపోవచ్చు. మెల్లగా చెప్పండి, కానీ చెప్పండి.

స్నానాల గదిలో కట్టెల బాయిలర్ ఉన్నవాళ్ళదీ ఇదే సంగతి. దాన్ని బయట పెట్టి వేన్నీళ్ళు లోపలికి తెచ్చుకోండి. నీళ్ళు నింపాకే నిప్పు పెట్టాలి, ఖాళీగా కాలితే అతుకులు ఊడిపోతాయి.

వంట చేసేటప్పుడు పైట చెంగు బొడ్లో దోపుకోండి. నైలాన్ చీరయితే కరిగి ఒంటికి అంటుకుంటుంది, నూలు చీర మేలు. పొయ్యి అంటించడానికి కొబ్బరిపీచు చాలు, కిరోసిన్ వద్దు. నీరసంగా ఉన్న మంట మీద అది పోస్తే మంట సీసాలోకి ఎగబాకుతుంది. ఊదుగొట్టం నోట్లో ఉండగా ఊపిరి లోపలికి పీల్చకండి, వేడి గాలీ బూడిదా గొంతులోకి పోతాయి. పొడుగు కట్టెలు బయటికి పొడుచుకొస్తే పరిగెత్తే పిల్లల కాళ్ళకి తగులుతాయి. రాత్రి పడుకునే ముందు కొరకంచులు లాగి ఇసుకలో ఆర్పేయండి. బూడిద చల్లగా కనిపించినా అడుగున నిప్పు మర్నాటి దాకా ఉంటుంది. ఇనప బకెట్‌లోనే ఎత్తండి, గోనెసంచిలో కాదు.

కాలితే టూత్‌పేస్టు, ఇంకు, నెయ్యి ఏమీ పూయకండి. ఉంగరం, గాజులు ఉంటే వెంటనే తీసేసి, కాలినచోట మామూలు చల్లనీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. ఐసు పెట్టొద్దు. బట్టలంటుకుంటే పరిగెత్తనివ్వకుండా నేల మీద పడుకోబెట్టి గొంగళి కప్పండి. బొబ్బలు అరచేతిని మించి ఉన్నా, ముఖం కాలినా 108కి ఫోన్ చేయండి. ఫోన్ ఒకరు చేస్తుంటే ఇంకొకరు నీళ్ళు పోస్తూనే ఉండాలి.

సెలవు. నమస్కారం.