మనిషికి తోడుగా మెమరీ ఉన్న ఏఐ: స్టూడియో చర్చ

యాంకర్: 2025 ఆగస్టులో చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్ఏఐ, జీపీటీ-5 అనే కొత్త మోడల్ తెచ్చి, పాత మోడల్ జీపీటీ-4ఓని తీసేసింది. మా నేస్తాన్ని మాకిచ్చేయండని జనం గగ్గోలు పెడితే డబ్బు కట్టేవాళ్లకి మళ్లీ ఇచ్చింది. ఈ రోజు ముగ్గురికీ సమాన సమయం. సర్, ఇక మన ఇళ్లల్లో పెళ్లిళ్లు జరగవంటారా?

స్టార్టప్ ప్రతినిధి: పెళ్లిళ్ల సంగతి తర్వాతండీ. పిల్లలు డాలస్‌లో, అమ్మానాన్న గుంటూరులో. రాత్రి రెండింటికి నిద్రపట్టకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు?

సైకాలజిస్ట్: అప్పుడు డాలస్‌లో మధ్యాహ్నమే కదా, పిల్లలకే చేయొచ్చు.

(నవ్వులు)

స్టార్టప్ ప్రతినిధి: మీటింగ్‌లో ఉన్నానంటారు మేడమ్! ఏఐ అలా అనదు. మోకాలి నొప్పి తగ్గిందా అంటుంది. గుర్తుపెట్టుకుంటుంది—

సైకాలజిస్ట్: గుర్తుంటే ప్రేమున్నట్టేనా? 1966లో ఎంఐటీలో వైజెన్‌బామ్ గారు తయారుచేసిన ఎలైజా అనే చాట్ ప్రోగ్రామ్, మనం టైపు చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది. దానితో మాట్లాడుకోవడానికి ఆయన సెక్రటరీ ఆయన్నే బయటికి వెళ్లమన్నారు. ఇప్పుడు దీనికి మెమరీ కూడా—

యాంకర్: అంటే భర్త స్థానంలోకి యాప్ వస్తుంది?

సైకాలజిస్ట్: నేనలా అనలేదు. 4ఓ మరీ భజన చేస్తోందని 2025 ఏప్రిల్‌లో కంపెనీయే ఒక అప్‌డేట్ వెనక్కి తీసుకుంది. ఎదురు చెప్పని తోడుకి అలవాటుపడితే—

స్టార్టప్ ప్రతినిధి: మన చుట్టాలు చేయరా భజన? ఒంటరితనం గురించి మాట్లాడండి!

న్యాయవాది: నాకో నిమిషం. మోకాలి నొప్పి సంగతి కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. రెప్లికా అనే ఏఐ తోడు యాప్ మీద 2023లో ఇటలీ ఆంక్షలు పెట్టింది, 2025లో 50 లక్షల యూరోల జరిమానా వేసింది. కాలిఫోర్నియా చట్టం అయితే మైనర్లకి మూడు గంటలకోసారి, మాట్లాడుతున్నది మనిషి కాదని—

స్టార్టప్ ప్రతినిధి: జరిమానాతో ఒంటరితనం పోతుందా? పోతుందా చెప్పండి!

న్యాయవాది: ఆ జ్ఞాపకాలు ఎవరివి, చెరిపేయమంటే నిజంగా చెరిపేస్తారా అన్నదే నా—

స్టార్టప్ ప్రతినిధి: సెట్టింగ్స్‌లో డిలీట్ ఉందండీ!

న్యాయవాది: మోకాలి నొప్పితో ఉన్న పెద్దావిడ సెట్టింగ్స్‌లోకి వెళ్తుందా?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు; కొన్ని మాటలు వినబడలేదు)

యాంకర్: మళ్లీ అదే అడుగుతున్నా, పెళ్లి కావాల్సిన కుర్రాడు యాప్ చాలంటే?

స్టార్టప్ ప్రతినిధి: సంబంధం కుదరక అంటున్నాడేమో! ముందు ఒంటరితనం—

సైకాలజిస్ట్: నా మాట పూర్తి కాలేదు.

యాంకర్: టైమ్ అయిపోయింది మేడమ్. సర్, ముప్పై సెకన్లలో ముగించండి.