బుజ్జి దురదకు షాంపూ, గోమార్ల గోలీ, దురద గోలీ, పత్యం: రెండేళ్లు వాడి చూసిన రివ్యూ

నమస్కారం. నల్లగొండలో మా ఇంటి వెనుక వరండాలో కూర్చొని మాట్లాడుతున్నాను. నా కాళ్ల దగ్గర పడుకున్నది బుజ్జి, నాలుగేళ్ల లాబ్రడార్, బరువు 28 కిలోలు. ఈ బల్ల మీద మూడు వస్తువులున్నాయి: క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన షాంపూ, గోమార్లను చంపే నమిలే గోలీ, ఓక్లాసిటినిబ్ అనే దురద గోలీల పెట్టె. నాలుగోది బల్ల మీద పెట్టి చూపించడానికి వీలులేనిది, ఎనిమిది వారాల పత్యం. రెండేళ్ల కిందట ఈ వీడియో చేసి ఉంటే ఈ షాంపూ దండగ అని తేల్చి చెప్పేవాణ్ణి. ఇవాళ నాలుగింటిలో దానికే మొదటి మార్కు వేస్తున్నాను. షాంపూ అదే, కంపెనీ అదే. దాన్ని ఎప్పుడు, ఏ వరుసలో, ఎంతసేపు వాడాలో అప్పట్లో నాకు తెలియదు.

బుజ్జికి రెండో ఏడు నిండిన వానాకాలంలో ఇది మొదలైంది. మొదట ముందు కాళ్ల పాదాలు నాకడం, తరువాత చెవులు విదిలించడం, ఆ తరువాత పొట్ట కింద, చంకల్లో ఎర్రగా కమలడం. రాత్రి రెండు గంటలకు వెనుక కాలితో గోక్కుంటుంటే ఆ కాలు గచ్చుకు తగిలి టకటకమని చప్పుడయ్యేది, ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఇంటికి వచ్చినవాళ్లందరూ తలా ఒక కారణం చెప్పారు. నల్లగొండలో ఏ రోగం వచ్చినా ఫ్లోరైడ్ నీళ్ల మీదికి నెట్టేయడం మనకు అలవాటు కాబట్టి కుక్క దురదనూ ఆ లెక్కలోనే వేశారు. ఫ్లోరైడ్ దెబ్బతీసేది పళ్లను, ఎముకలను. పాదాలు నాకడానికి దానితో సంబంధం లేదు. వేపాకు నీళ్లు పోశాం, నష్టం జరగలేదు, లాభమూ లేదు. కాలిన ఇంజన్ ఆయిల్ పూయమని సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. కుక్క దాన్ని నాకుతుంది, చర్మం కాలుతుంది, కడుపులోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది.

నేను చేసిన పెద్ద తప్పు వేరు. డాక్టరుకు చూపించకుండా ఒక మందుల దుకాణంలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ గోలీలు మూడు వారాలు వేశాను. రెండో రోజుకే దురద మాయమైంది, నేను సంబరపడ్డాను. వారం తిరిగేసరికి బుజ్జి బకెట్టు నీళ్లు తాగడం, ఎన్నడూ లేనిది ఇంట్లోనే మూత్రం పోయడం, అన్నం గిన్నె ఖాళీ అయినా నాకుతూ కూర్చోవడం మొదలుపెట్టింది. గోలీలు ఆపిన పది రోజులకు దురద మునుపటికంటే ఎక్కువై వచ్చింది. స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనడం లేదు. డాక్టరు లెక్కగా ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గించవలసిన మందును లెక్కలేకుండా ఇచ్చి, హఠాత్తుగా ఆపిన తప్పు నాది.

ఆ తరువాతే పశువుల దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ మందు రాయడానికి ముందు చేసిన మూడు పనులు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి. సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద దులిపారు. నిమిషంలో ఆ నలుసుల చుట్టూ తుప్పు రంగు మరకలు పాకాయి. మట్టి అయితే అలా పాకదు, అది ఫ్లీలనే చిన్న దుమికే పురుగుల మలం, అందులో ఉన్నది బుజ్జి రక్తమే. ఈ పరీక్ష మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. తరువాత చర్మాన్ని బ్లేడుతో పైపైన గీకి, కంటికి కనిపించని గజ్జి పురుగులు ఉన్నాయేమోనని సూక్ష్మదర్శిని కింద చూశారు, లేవు. చివరగా పారదర్శకమైన టేపును చంకలో అద్ది, రంగు వేసి చూస్తే మలసీజియా అనే ఈస్టు, అంటే ఒక రకం శిలీంధ్రం, కుప్పలుగా కనిపించింది. బుజ్జి ఒంటి నుంచి వచ్చే పులిసిన పిండి వాసన ఎక్కడిదో నాకు ఆ రోజు అర్థమైంది.

కాబట్టి బుజ్జి ఒంటి మీద మూడు దురదలు ఒకదానిపై ఒకటి పేరుకొని ఉన్నాయి: పురుగుల వల్ల ఒకటి, ఈస్టు వల్ల ఒకటి, అసలు అలర్జీ అడుగున మూడోది. నేను అడుగున ఉన్నదానికి మందు వేస్తూ, పైన ఉన్న రెండింటినీ వదిలేసి, ఏ మందూ పనిచేయడం లేదని తిట్టుకుంటున్నాను.

ఇప్పుడు వస్తువుల సంగతికి వస్తాను. మొదట గోమార్ల గోలీ. ఇందులో ఉన్నది గోమార్లతో పాటు ఫ్లీలను కూడా చంపే ఫ్లూరలనర్ అనే మందు. ఒక గోలీ సుమారు పన్నెండు వారాలు పనిచేస్తుంది. ఇదే జాతికి చెందిన అఫాక్సోలనర్‌ను మాత్రం నెలకొకటి ఇవ్వాలి. మాంసం రుచి ఉంటుంది కాబట్టి బుజ్జి బిస్కెట్ అనుకొని మింగేసింది. ఇది పురుగును దగ్గరికి రాకుండా ఆపదు, కుట్టిన పురుగును చంపుతుంది. కాబట్టి గోలీ వేసిన మరునాడు ఒంటి మీద ఒక గోమారి కనిపించిందని కంగారుపడనవసరం లేదు. మూర్ఛలు వచ్చే కుక్కకు దీన్ని వాడేముందు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, ఎందుకంటే ఈ జాతి మందుల వల్ల కొన్ని కుక్కలకు మూర్ఛలు రావచ్చని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. నా అభిప్రాయంలో పురుగుల మీద దీనికి ఎదురులేదు, కానీ గోలీ ఒక్కటే చాలదు. ఫ్లీల గుడ్లు పరుపులో, గోనెసంచుల మడతల్లో, తలుపు పగుళ్లలో ఉంటాయి కాబట్టి బుజ్జి పడుకునే బొంతను వేడి నీళ్లతో ఉతికి ఎండలో ఆరేయడం కూడా మందులో భాగమే.

ఇక షాంపూ. మొదటిసారి నేను బుజ్జికి దీన్ని ఎలా వాడానో చెబితే నవ్వుతారు: రుద్దాను, రెండు నిమిషాల్లో నీళ్లు పోశాను, తుడిచాను. సీసా వెనుక చిన్న అక్షరాలలో రాసి ఉన్నది పది నిమిషాలు ఉంచాలని. క్లోర్‌హెక్సిడిన్ సూక్ష్మజీవుల మీద బాగా పనిచేయాలంటే చర్మం మీద అంతసేపు ఉండాలి. తొందరపడితే అది మామూలు సబ్బుతో సమానం. పది నిమిషాలు అంటే ఎంత పొడవో తెలుసుకోవాలంటే తడిసిన లాబ్రడార్‌ను పట్టుకొని కూర్చోవాలి. అమ్మ గడప మీద కూర్చొని ఫోనులో టైమరు పెట్టి, “ఇంకా ఆరు నిమిషాలున్నయి బిడ్డా, విడువకు” అంటూ నాకూ, బుజ్జికీ కలిపి ధైర్యం చెబుతుంది. నురగను నాకకుండా మెడలో ప్లాస్టిక్ గరాటు కాలరు వేస్తాం. కళ్లలో పడకూడదు, చెవి లోపలికి అసలే పోకూడదు, ఎందుకంటే కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో క్లోర్‌హెక్సిడిన్ పడితే వినికిడి దెబ్బతినే ప్రమాదముంది. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు పోశాం, ఆ తరువాత వారానికి ఒకసారి. మూడో వారం చివరికి వాసన పూర్తిగా పోయింది, చంకల్లో ఏనుగు చర్మంలా నల్లగా మందమెక్కిన చోటు మెత్తబడింది. వేళ్ల సందుల్లో తడి ఉండకుండా తుడవడం మరవకండి, ఈస్టుకు కావలసింది ఆ తడే.

పత్యం గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే దురదకు తిండి కారణమా అన్న ప్రశ్నకు మాకు కాదనే జవాబు వచ్చింది. అయితే అది తెలుసుకోవడానికి ఎనిమిది వారాలకు పైనే పట్టింది. కుక్కలకు తిండి అలర్జీ ఎక్కువగా వచ్చేది గొడ్డుమాంసం, పాల పదార్థాలు, చికెన్, గోధుమల వల్ల. మా ఇంట్లో బుజ్జి రోజూ తినేది చికెన్ అన్నం, పెరుగన్నమే. అది ఎన్నడూ తినని వస్తువు పెట్టాలి కాబట్టి చేప, ఉడికించిన కందగడ్డ (చిలగడదుంప) ఎంచుకున్నాం, ముళ్లు ఏరడం నా వంతు. పంతొమ్మిదో రోజు నాయనమ్మ “పాపం, ఎండిపోతుంది” అని పాలలో ముంచిన రస్కు పెట్టింది. ఒక్క రస్కుతో లెక్క మళ్లీ మొదటి రోజుకు వచ్చింది. ఆమెను ఏమీ అనలేకపోయాం. రెండోసారి పూర్తి చేశాక పాత తిండి మళ్లీ పెట్టి చూస్తే దురదలో మార్పు లేదు, కాబట్టి తిండి కారణం కాదని తేలింది. తిండి అలర్జీని రక్త పరీక్షతో చెబుతామని అమ్మే ప్యాకేజీలను నమ్మకండి, వాటి ఫలితం మీద ఆధారపడడానికి వీలులేదు. చేప, కందగడ్డలతోనే ఏడాది పొడవునా పెంచకూడదు కూడా; అది పరీక్షకు సరిపోయే తిండి, పోషణకు సరిపోదు.

మిగిలింది వాతావరణంలో ఉన్నదానికి వచ్చే అలర్జీ, డాక్టర్లు ఏటోపీ అంటారు. బుజ్జిని సాయంత్రం పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట వైపు తీసుకెళ్తాం. వానలు పడ్డాక అక్కడ దారి పక్కన వయ్యారిభామ అనే కలుపు మొక్క నడుము ఎత్తు పెరుగుతుంది, బుజ్జి దాని మధ్యలో నుంచే నడుస్తుంది. ఏ మొక్క పుప్పొడి, ఏ దుమ్ము అన్నది మాకు తేలలేదు, కానీ ఆగస్టు నుంచి నవంబరు వరకు పెరిగి, ఎండాకాలంలో తగ్గడం రెండేళ్లూ ఒకేలా జరిగింది. దారి మార్చాం, ఇంటికి రాగానే నాలుగు పాదాలూ మామూలు నీళ్లతో కడిగి తుడుస్తాం. ఖర్చు లేని పని, చాలామంది వదిలేసే పని.

చివరిది ఓక్లాసిటినిబ్. 2013లో అమెరికాలో అనుమతి పొందిన మందు ఇది. దురద పుట్టించే సంకేతాన్ని కణం లోపల ముందుకు సాగకుండా అడ్డుకుంటుంది. మొదటి గోలీ ఉదయం ఎనిమిదికి వేశాం, మధ్యాహ్న భోజనం వేళకు గోకడం సగానికి పడిపోయింది. మొదట రోజుకు రెండుసార్లు, గరిష్ఠంగా పద్నాలుగు రోజులు, ఆ తరువాత రోజుకు ఒకసారి. మోతాదు బరువును బట్టి ఉంటుంది, నా కుక్క లెక్క మీ కుక్కకు వేయకండి. ఏడాది నిండని కుక్కపిల్లకు ఇవ్వరు. తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడూ ఇవ్వరు, ఎందుకంటే రోగనిరోధక శక్తిని కొంత అణిచే మందు ఇది. డాక్టరమ్మ చర్మం గీకి చూసిన తరువాతే దీన్ని రాయడానికి కారణం అదే. ధర విషయం దాచను, మా ఇంటి పాల ఖర్చు కంటే ఈ గోలీ ఖర్చే రోజుకు ఎక్కువ. అందుకే ఏడాదంతా వాడడం లేదు, దురద కాలంలోనే వాడుతున్నాం.

మనుషుల సెట్రిజిన్ వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. కొన్ని కుక్కలకు కాస్త ఉపశమనం ఇస్తుంది, బుజ్జికి ఇవ్వలేదు. కానీ జలుబు గోలీలలో సెట్రిజిన్‌తో పాటు పారాసిటమాల్, ముక్కు దిబ్బడ తగ్గించే మందులు కలిసి ఉంటాయి, అవి కుక్కకు విషం. డాక్టరును అడగకుండా ఇంట్లో ఉన్న డబ్బాలోంచి తీయవద్దు.

క్యాలెండరులో రోజూ రాత్రి ఆ రోజు దురదకు పదికి ఎన్ని మార్కులో రాస్తున్నాను. ఇదిగో కిందటి ఏడాది ఆగస్టు పేజీ, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. ఇది ఈ ఏడాది ఆగస్టు, మూడు, రెండు, మూడు, నాలుగు. ఆ నాలుగు వేసిన రోజు వాన పడి, షాంపూ రోజు తప్పింది. ఒకసారి కెమెరా కిందికి తిప్పుతాను, ఈ ఎడమ పాదం చూడండి. ఉమ్ముతో పట్టిన తుప్పు రంగు ఇంకా వదల్లేదు. కొత్త వెంట్రుక మాత్రం మొదట్లో తెల్లగా వస్తోంది.