మధ్యమధ్యలో మిమిక్రీ

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న కళాభిమానులకు, తెర పక్కన గొంతు సవరించుకుంటూ తమ వంతు కోసం ఎదురుచూస్తున్న మిమిక్రీ సోదరులకు నమస్కారం. వేదిక మీద ఉన్నవారిని పేరుపేరునా పొగిడే ఆచారం నాకు తెలియనిది కాదు. ఒకప్పుడు ఒక్కొక్కరిని ఒక్కొక్క నటుడి గొంతుతో సంబోధించి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణే. ఈ రోజు ఆ సమయాన్ని వేరే పనికి వాడుకుంటాను, పెద్దలు మన్నించాలి.

నేరెళ్ల వేణుమాధవ్ గారు 1932 డిసెంబరు 28న వరంగల్‌లో జన్మించారు. ఆ తేదీనే మనం మిమిక్రీ దినోత్సవంగా జరుపుకొంటున్నాం. చిన్ననాట చిత్తూరు నాగయ్య గారి గొంతును పట్టుకొని బయలుదేరిన ఆ బాలుడు, పెద్దయ్యాక ఉపాధ్యాయ వృత్తి చేస్తూనే ఊరూరా తిరిగి, దేశనాయకుల ప్రసంగాలనూ, ఆంగ్ల చిత్రాల్లోని యుద్ధ ఘట్టాలనూ వాటి వెనుక వినిపించే సంగీతంతో, గుర్రపు డెక్కల చప్పుడుతో సహా ఒక్క కంఠంలో పలికించి, 1971లో ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో ప్రదర్శన ఇచ్చే స్థాయికి ఎదిగారు. 1972 నుంచి 1978 వరకు శాసనమండలి సభ్యులుగా ఉన్నారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీకి డిప్లొమా కోర్సు కూడా వచ్చింది. 2018 జూన్ 19న ఆయన కన్నుమూశారు. ఇవన్నీ మీలో చాలామందికి తెలిసినవే. నేను గుర్తు చేయదలచింది ఒక్కటే: ఆయన వస్తున్నారంటే జనం ఆయన కోసమే వచ్చేవారు. పక్కన వాద్యగాళ్ళు లేరు, నాట్యగత్తెలు లేరు. ఒక్క మనిషి, ఒక్క మైకు, ఆ సాయంత్రమంతా ఆయనదే.

ఆయన దారిలో నడిచిన మా తరానికి సాయంత్రం దక్కలేదు. మాకు దక్కినవి కార్యక్రమాల మధ్య సందులు.

వినాయక చవితి పందిళ్ళతో మా సీజను మొదలయ్యేది. దసరా, కళాశాలల వార్షికోత్సవాలు, ఉద్యోగ సంఘాల సభలు, పెళ్ళి విందులు, శ్రీరామనవమి. మళ్ళీ ఆషాఢం వచ్చిందంటే సంచి అటక మీదికి చేరేది. ఆ సంచిలో ఒక జత ఇస్త్రీ బట్టలు, ఒక ఫ్లాస్కు, ఒక కరక్కాయల పొట్లం ఉండేవి. కార్యక్రమానికి ముందు పెరుగన్నం తినేవాణ్ణి కాదు, ఐసు ముట్టేవాణ్ణి కాదు. ఊరు చేరగానే నేను వెతికేది కార్యదర్శిని కాదు, మైకు సెట్టు కుర్రవాణ్ణి. రైలు దూరం నుంచి రావాలంటే నా పెదవులు మైకుకు జానెడు ఎడంగా, కాస్త పక్కకు తిరిగి ఉండాలి; బండి స్టేషనులోకి వస్తున్న కొద్దీ ముఖం మైకు మీదికి వంగాలి; వంతెన దాటే చోట ఆ కుర్రవాడు ఎకో మీటను సరిగ్గా అదే క్షణంలో తిప్పాలి. వాడు ఆ క్షణంలో బీడీ కోసం వెళ్ళాడా, నా రైలు పట్టాలు తప్పినట్టే. అందుకని ముందుగా వాడికి టీ ఇప్పించి, చేయి ఎత్తితే ఏమిటో, దించితే ఏమిటో చెప్పుకొనేవాణ్ణి. ఆ టీ కొట్టు దగ్గరే ఆ ఊళ్ళో అందరూ అనుకరించే పెద్దమనిషి ఎవరో, ఆయన ఊతపదమేమిటో తెలిసిపోయేది. రాత్రి ఆ ఒక్క మాటకే పందిరి దద్దరిల్లేది.

ఇంత కష్టం ఎందుకు చెబుతున్నానంటే, ఒక కళాశాల వార్షికోత్సవం సంగతి మీకు అర్థం కావాలని. ఆ కళాశాల పేరు చెప్పను. ముఖ్య అతిథిగా ఒక మంత్రివర్యులు రావలసి ఉంది. ఆయన ఆలస్యమయ్యారు. "మీరు పది నిమిషాలు ఏదైనా చేస్తూ ఉండండి గురువుగారూ" అని కార్యదర్శి నన్ను వేదిక మీదికి పంపారు. ఏదైనా చేస్తూ ఉండాలట! పది నిమిషాలు గడిచాయి, అరగంట గడిచింది, గంట దాటింది. పిల్లలు బల్లలెక్కి కేకలు వేస్తున్నారు. అప్పుడు నేను పాత సినిమాల ప్రతినాయకుడు నాగభూషణం గారి గొంతులోకి వెళ్ళాను. ఆ నవ్వు సగంలో ఉండగా వెనుక నుంచి ఒక చేయి వచ్చి మైకు లాక్కుంది. "మంత్రిగారు వేంచేశారు." అయ్యా, నవ్వు సగంలో ఉంది! మిగిలిన సగం నేను మెట్లు దిగుతూ మింగాను.

అసలు దెబ్బ అది కాదు. సభ ముగిశాక పారితోషికం కవరు విప్పి చూస్తే ఒప్పుకొన్న దానిలో సగమే ఉంది. అడిగితే, "పూర్తి ప్రోగ్రాం చేయలేదు కదండీ" అన్నారు. శాలువా మాత్రం పూర్తిదే కప్పారు.

ఈ కథ నేను ఇదివరకు చెప్పానని ముందు వరుసలో ఎవరో నవ్వుతున్నారు. చెప్పాను, ఇకపై కూడా చెబుతాను. ఎందుకంటే, దయచేసి మీ చేతుల్లోని ఆహ్వాన పత్రిక ఒక్కసారి చూడండి. ఇది మిమిక్రీ దినోత్సవం. అతిథుల పేర్లు బొద్దు అక్షరాల్లో ఉన్నాయి, జ్యోతి వెలిగించేవారి పేరు ఉంది, వందన సమర్పణ చేసేవారి పేరు ఉంది. అట్టడుగున ఒక పంక్తి: "మధ్యమధ్యలో మిమిక్రీ." మన పండుగ నాడు, మన ఇంట్లో కూడా మనం మధ్యమధ్యలోనే!

ఈ మధ్య హైదరాబాదులో మా మనవడు నన్నొక స్టాండప్ ప్రదర్శనకు తీసుకువెళ్ళాడు. చిన్న గది, ప్లాస్టిక్ కుర్చీలు. ఆ కుర్రవాడి హాస్యంలో కొంత నాకు నచ్చలేదు, కొంత అర్థం కాలేదు. కానీ జనం టిక్కెట్టు కొని, అతని పేరు చూసి వచ్చారు. దీపాలు ఆర్పారు. గంటసేపు ముగించమంటూ ఎవరూ చీటీ పంపలేదు, ఎవరూ వేంచేయలేదు. వేణుమాధవ్ గారు పొందిన ఆ సాయంత్రాన్ని ఈ పిల్లలు మళ్ళీ సంపాదించుకున్నారని నాకు అసూయ కలిగింది. వారి కష్టం వారికీ ఉంది. మమ్మల్ని జనం "ఆ రైలు చేయండి" అని ఏళ్ళ తరబడి అదే అడిగేవారు. వారి హాస్యం ఒకసారి యూట్యూబులోకి వెళ్ళిందంటే మరుసటి ఊళ్ళో చెల్లదు, మళ్ళీ కొత్తది అల్లుకోవాలి. మాకూ గొంతులు చెల్లకుండా పోతున్నాయి. నాగభూషణం గారెవరో ముందు చెప్పి, ఆ తరువాత నవ్వించవలసి వస్తోంది. అయినా పూర్తి సమయం చేతికిస్తే చెప్పి నవ్వించగలం. పది నిమిషాల సందులో పరిచయానికే చోటు చాలదు.

ఈ హాలులో సభలు నడిపే కార్యదర్శులు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మిమ్మల్నే అడుగుతున్నాను. కళాకారుడి పేరు పత్రికలో వేయండి. ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకో దాని పక్కన వేయండి. అతిథి ఆలస్యమైతే ఆ ఆలస్యం అతిథి ఖాతాలోనే రాయండి. పారితోషికం కవరు వేదిక ఎక్కకముందే చేతికివ్వండి. శాలువా లేకపోయినా ఎవరూ అలగరు.

నాకిచ్చిన సమయంలో మరికొన్ని నిమిషాలు మిగిలాయి. తెర పక్కన ఒక కుర్రవాడు ఇందాకటి నుంచి వేడినీళ్ళు తాగుతూ నిలబడ్డాడు. ఆ నిమిషాలను అతనికి ఇస్తున్నాను. నాన్నా, వచ్చి ముందు నీ పేరూ ఊరూ చెప్పి, ఆ తరువాత మొదలుపెట్టు. అధ్యక్షులవారూ, చేతిలోని ఆ చీటీ జేబులో పెట్టుకోండి.