తలపును దర్వాజ కాడనే ఆపాలె: మనసుల జరిగే శోధన ముచ్చట

[తెర మీద: ఖిలా వరంగల్ రాతికోట దర్వాజ. బండ్లు మెల్లగా మలుపు తిరుగుతుంటాయి.]

అందరికి వందనాలు. ఈ దర్వాజను జర మంచిగ చూడుండ్రి. ఇది మనిషిని నేరుగ లోపలికి పోనియ్యదు. అడుగు పెట్టంగనే ముందట గోడ అడ్డమొస్తది. పక్కకు తిరగాలె, మళ్ళ ఇంకో దిక్కు తిరగాలె, అప్పుడు గాని ఊర్లెకు తొవ్వ దొరకదు. ఇయ్యాల బండి మీద పోయినా అంతే. కాకతీయులు కావాలనే గట్ల కట్టిండ్రు. ఉరికొచ్చే గుర్రమైనా, ఏనుగైనా ఆ మలుపు కాడ జోరు తగ్గించుకోవాలె. ఆ జాగల మీద నుంచి కావలోళ్ళు దాన్ని చూస్తరు.

మా వీడియో మొత్తం ఆ మలుపు గురించే. పాపం దిక్కు గుంజే తలపును, అంటే శోధనను, మనసు దర్వాజ కాడనే ఎట్ల ఆపాలెనో చూద్దం. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 10వ అధ్యాయంల ముందు "దుర్గములను", అంటే కోటలను, పడద్రోసుడు గురించి చెప్పి, ఆ వెంటనే "ప్రతి ఆలోచనను క్రీస్తుకు లోబడునట్లు చెరపట్టి" అంటడు. చెరపట్టుడంటే పట్టుకొని నిలబెట్టుడు. ఎవరు నువ్వు, ఎక్కడికెల్లి వచ్చినవు, ఏం పని మీద వచ్చినవు అని అడుగుడు. మనం చేసేది వేరే. తలపును లోపటికి రానిస్తం, కూసుండబెడతం, చాయ పోస్తం. అది చెయ్యి పట్టుకొని గుంజేటప్పుడు "ప్రభువా, కాపాడు" అని మొత్తుకుంటం. ప్రభువు అప్పుడు కూడ ఇంటడు, అది నిజమే. గని కొట్లాట మనకు అలకగ ఉండే జాగను మాత్రం మనం ఎప్పుడో దాటొచ్చినం.

[తెర మీద: యాకోబు 1:14]

"ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై శోధింపబడును."

"మరులు కొల్పబడి" అన్న కాడ గ్రీకుల ఉన్న మాట చేపలు పట్టేటోళ్ళది. ఎర చూపి గుంజుడు అని దాని అర్థం. చెరువు కట్ట మీద గాలం ఏసేటోళ్ళను అడగండి. కొరమీనుకు తవుడు ముద్ద పెడితే పొద్దుగూకే దాక కూసున్నా పడదు. దానికి బతికున్న చిన్న చేపనో, కప్పనో కావాలె. రవ్వకు, బొచ్చెకు తవుడు ముద్ద సరిపోతది. గాలం ఒక్కటే, ఎర మాత్రం చేపను బట్టి మారుతది. యాకోబు "స్వకీయమైన" అన్నది గందుకే. తాగుడు అంటే అసహ్యపడే అన్నకు తోడపుట్టినోని భూమి మీద కడుపుమంట ఉండొచ్చు. నెలకు రెండు ఉపవాస ప్రార్థనలు చేసే అక్కకు, ఇంకో అక్క ఉపవాసం ఉండదని చెప్పుకునుడు తీపిగ ఉండొచ్చు. కూటంల మైకు పట్టుకునేటోళ్ళ ఎర ఏందో మేం చెప్పాల్సిన పని లేదు.

అందుకే మొదటి పని నీ ఎర ఏందో కాయితం మీద రాసుకునుడు. "లోకాశలు" అని రాస్తే లాభం లేదు. "రాత్రి పదిన్నర దాటినంక, ఒక్కన్నే ఉన్నప్పుడు, ఫోన్ల బెట్టింగ్" అని రాయాలె. టైం, జాగ, వస్తువు మూడూ ఉండాలె.

ఈ బెట్టింగ్‌నే తీస్కుందం. తెలంగాణల ఆన్‌లైన్ల పైసలు పెట్టి ఆడుడు 2017 సంది చట్టానికి విరుద్ధం. అయినా లింకులు ఆగుతలేవు. లోపట ఏం జరుగుతదో మెల్లగ చూద్దం.

[తెర మీద: చీకటి గది, ఫోన్ వెలుతురు. మాటలు ఒక్కొక్కటే వస్తాయి.]

మ్యాచ్ నడుస్తుంటది. ఒక మెసేజ్ వస్తది. "పోయిన నెల పోయిన ఐదు వేలు ఇయ్యాల తెచ్చుకోవచ్చు" అని ఒక తలపు తడతది. ఆగుండ్రి. ఇది ఇంకా పాపం కాదు. యేసుకు కూడ రాళ్ళను రొట్టెలు చెయ్యమన్న మాట చెవిన పడ్డది. ఆయన "సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడినను, పాపము లేనివాడు" అని హెబ్రీ పత్రిక చెప్తది. తలపు తట్టంగనే "నేను పాడైపోయిన" అనుకునుడు తప్పు. ఆ తప్పు మనకు చాన నష్టం చేస్తది. ఎట్లాగు పాడైన కదా అని మనిషి మిగిలిన దూరం కూడ పోతడు.

రెండోది ముచ్చట పెట్టుడు. "ఎంత పెట్టాలె? ఐదొందలేనాయె. పోతే పోయినయి." తలపు ప్రశ్న అడిగింది, నువ్వు జవాబు ఇచ్చినవు. ఇగ బేరం మొదలైనట్టే. ఆదికాండం 3ల హవ్వ కాడ జరిగింది ఇదే. "ఇది నిజమా?" అని సర్పం అడిగింది. ఆమె బదులు చెప్పింది, చెప్పుకుంట చెప్పుకుంట దేవుడు అనని "ముట్టకూడదు"ను కూడ కలిపింది. దేవుడేమో తోటల ప్రతి చెట్టు పండు తినొచ్చని మొదలుపెట్టి, ఒక్కటి వద్దన్నడు. సర్పం మొత్తం మాటను తిరగేసి, దేవుడు ఏదీ ఇయ్యనట్టు అడిగింది. ముచ్చట పెట్టినంక లెక్క గట్లనే తిరగబడతది.

మూడోది ఒప్పుకునుడు: "ఈ ఒక్కసారే." ఈ మాట లోపట ఇనిపించినంక యూపీఐ పిన్ కొట్టుడు ఒక నిమిషం పని. పొద్దుగాల భార్య అడిగితే అబద్ధం, ఆ అబద్ధాన్ని దాచనీకి ఇంకో అప్పు. "దురాశ గర్భము ధరించి పాపమును కనగా" అని యాకోబు రాసింది ఈ వరుసనే. ఏడో శతాబ్దంల సీనాయి కొండ కాడి మఠంల యోహాను క్లీమకస్ అనే సన్యాసి కూడ ఇదే తీరుగ మెట్లు విడగొట్టి చెప్పిండు. తట్టుడు, ముచ్చట పెట్టుడు, ఒప్పుకునుడు, బందీ అయితుడు. తట్టినందుకు నింద లేదని ఆయన కూడ అన్నడు.

కోట మలుపు మొదటి మెట్టుకూ రెండోదానికీ మధ్యల ఉంటది. అక్కడ మీకు దొరికేది నాలుగైదు సెకండ్లు. అంతకు ఎక్కువ ఉండదు.

ఆ నాలుగైదు సెకండ్లల్ల ఏం చెయ్యాలె? మత్తయి 4 చూడుండ్రి. 40 దినాల ఉపవాసం, ఆకలి, ఎడారి. యేసు మూడుసార్లు జవాబిచ్చిండు. మూడూ ద్వితీయోపదేశకాండంలయే, 8:3, 6:16, 6:13. ఇశ్రాయేలీయులు 40 ఏండ్లు అరణ్యంల ఏ కాడ పడ్డరో, ఆ కాడికి సంబంధించిన మాటలే. ఆకలి శోధనకు రొట్టె వాక్యం, దేవున్ని పరీక్షించే శోధనకు పరీక్షించొద్దన్న వాక్యం. దేనికి దగ్గది దానికి. ఒక్కొక్క జవాబు ఒకటి రెండు ముక్కలే, వాదన లేదు. మూడోసారి "సాతానా, పొమ్ము" అని సంభాషణనే తెంపేసిండు.

ఇంకో సంగతి. రెండో శోధనల అపవాది, అంటే సాతాను, కూడ వాక్యమే ఎత్తిండు, 91వ కీర్తన. అంటే వాక్యం వచ్చుడే సాలదు. అది దేని గురించి చెప్పిందో తెల్వాలె. ముందు వెనుకల వచనాలు చదవకుండ వాట్సాప్ స్టేటస్‌ల చూసిన ముక్క పట్టుకొని కొట్లాటకు పోతే ఎదుటోడు అదే ముక్కతోని మన మీదికొస్తడు.

[తెర మీద: జేబులో పట్టే అట్ట ముక్క, పెన్ను.]

పెండ్లి పత్రిక అట్ట ఒకటి తీసి, జేబుల పట్టేటంత కత్తిరించండి. ఒక దిక్కు మీ ఎర ఒక్క లైన్ల రాయండి. ఇంకో దిక్కు దానికి జోడైన వాక్యాలు రెండు మూడు రాయండి, ఎక్కువ వద్దు. బెట్టింగ్ ఎరకైతే హెబ్రీ 13:5, "ధనాపేక్షలేనివారై మీకు కలిగినవాటితో తృప్తిపొందియుండుడి." ఇంకోటి సామెతలు 13:11, "మోసముచేత సంపాదించిన ధనము క్షీణించిపోవును, కష్టము చేసి కూర్చుకొనువాడు తన ఆస్తిని వృద్ధిచేసికొనును." వీటిని పొద్దుగాల, రాత్రి పండుకునే ముందు నోరు తెరిచి చదవండి, పది రోజులు. మనసుల చదివితే యాదికి ఉండదు. శోధన వచ్చినప్పుడు వెతుక్కునే టైం ఉండదు కాబట్టే ముందుగాల నోటికి రావాలె.

తలపు తట్టంగనే దాని పేరు పెట్టి పిలవండి: "ఇది పైసల ఆశ." వాక్యం ఒక్కసారి బయటికి అనండి. అని లేవండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, జనం ఇడిచిపెట్టేది కూడ ఇదే. యోసేపు, తనను పాపానికి గుంజిన పోతీఫరు భార్య కాడ కూసుండి ప్రార్థన చెయ్యలే. పైబట్ట ఇడిచి ఉరికిండు. ఫోన్ వేరే గదిల పెట్టండి, 20 నిమిషాలు చేతులకు పని చెప్పండి. అంట్లు తోముడు, బండి తుడుసుడు, పక్కింటి అన్నతోని ముచ్చట, ఏదైనా సరే. ఆ పని దేవునికి చాన చిన్నదేమో అన్న డౌటే వద్దు.

ఇది పని చెయ్యకపోతే ఎక్కువసార్లు కారణం ఈ రెండిట్ల ఒకటి. ఒకటి, తలపును నెట్టుకుంట కూసునుడు. "అది అనుకోవద్దు, అది అనుకోవద్దు" అన్నంతసేపు అనుకునేది అదే. నెట్టుడు కాదు, జవాబు చెప్పి ముఖం తిప్పుకునుడు. మత్తయి 12ల యేసు చెప్పిన పోలికల ఇల్లు ఊడ్చి అమర్చి ఉంటది గని లోపల ఎవరూ ఉండరు. ఎల్లిపోయిన అపవిత్రాత్మ తనకంటే చెడ్డయి ఏడింటిని ఎంటేసుకొని వస్తది. ఇల్లు ఖాళీగ ఉండుడే అసలు నష్టం. రెండు, వాక్యాన్ని మంత్రం లెక్క చదువుడు. యాభైసార్లు అంటే పారిపోతదని లెక్కలు పెట్టుకునేటోళ్ళున్నరు. "దేవునికి లోబడియుండుడి, అపవాదిని ఎదిరించుడి" అని యాకోబు 4:7ల ఉంది. లోబడుడు ముందు ఉంది. యాప్ ఫోన్లనే ఉంచి ఎదిరిస్తున్న అంటే అది ఎదిరించినట్టు కాదు.

ఒంటి సంగతి కూడ చెప్పాలె. సింగరేణిల రాత్రి షిఫ్ట్ దిగి పొద్దుగాల ఇంటికొచ్చే అన్నలకు, పరీక్షల కోసం నిద్ర చెడగొట్టుకునే పిలగాండ్లకు శోధన ఎక్కువైనట్టు అనిపిస్తే అది భక్తి తగ్గుడు కాకపోవచ్చు. ఏలీయా 1 రాజులు 19ల చెట్టు కింద పండి "నా ప్రాణము తీసికొనుము" అన్నడు. దేవుడు ముందుగాల ప్రసంగం చెయ్యలే. దూతతోని రొట్టె, నీళ్ళు పెట్టిచ్చిండు, పండుకోనిచ్చిండు, మళ్ళ లేపి మళ్ళ తినమన్నడు. మాట్లాడింది తర్వాత.

[తెర మీద: ఎఫెసీ 6:12]

ఇంకో ముచ్చట, దీని మీద మేం గట్టిగనే మాట్లాడతం. మన దిక్కు ఇంట్ల ఎవరికన్నా మనసు బాగలేదంటే "ఎవలో మంత్రాలు చేసిండ్రు" అని పక్కింటి ముసలవ్వ దిక్కో, పాలోని దిక్కో చూసే అలవాటు ఉంది. బాణామతి నెపం మీద మనుషులను చంపిన ఊర్లున్నయి. ఆత్మీయ యుద్ధం అన్న పేరుతోని ఆ చూపు సంఘంలకు వస్తే అది సువార్త కాదు. "మనము పోరాడునది శరీరులతో కాదు" అని పౌలు తేటగ రాసిండు. ఒక మనిషి దిక్కు వేలు చూపిచ్చే ప్రార్థన, ఎవరు చేసినా, ఆపండి.

పడ్డంక ఏమైతది? పడ్డ రాత్రి ఇంకో గొంతు వస్తది. ప్రకటన 12:10ల అపవాదికి "నేరము మోపువాడు" అని పేరు. శోధించేటప్పుడు "ఐదొందలేనాయె" అన్న గొంతే, పడ్డంక "నువ్వింతే, నీ బతుకింతే" అంటది. పరిశుద్ధాత్మ ఒప్పించుడుకు, దీనికి తేడా పట్టొచ్చు. ఆత్మ ఒక పనిని చూపిస్తడు: "నిన్న రాత్రి ఈ అబద్ధం చెప్పినవు, పోయి నిజం చెప్పు." నేరం మోపేటోడు పని చూపియ్యడు, మనిషినే కొట్టేస్తడు. యేసును తెల్వదన్న పేతురు, ఆయనను పట్టిచ్చిన యూదా ఇద్దరూ ఒకే రాత్రి పడ్డరు. పేతురు ఏడ్చి తన వాళ్ళ మధ్యకే తిరిగొచ్చిండు. యూదా ఒక్కడే పోయిండు. అందుకే 24 గంటలు దాటకముందే ఒక్క నమ్మకస్తునికి చెప్పండి, సంఘ పెద్దకో, తోటి విశ్వాసికో. "ప్రార్థన చెయ్యండి" అని అంటే సాలదు. ఎన్ని పైసలు, ఎవరి కాడ అప్పు, పూర్తిగ చెప్పాలె. యూపీఐ కొన్నాళ్ళు భార్య ఫోన్ల ఉండనీయండి. సిగ్గనిపిస్తది. అప్పులోళ్ళు ఇంటి ముందటికి వచ్చినప్పుడు అనిపించే సిగ్గు కంటే తక్కువే.

అన్ని తలపులూ ఈ లెక్కల రావు. దేవున్ని దూషించే మాటలో, పసిపిల్లకు హాని చేసే బొమ్మలో వద్దన్నా మనసుల గిర్రున తిరిగి, మనిషి వాటిని చూసి వణికిపోతుంటే, అది ఒప్పుకునుడు కాదు. అట్ల వణుకుడే దానికి రుజువు. దీనికి వైద్యం ఉంది, మందులు పని చేస్తయి. చెవులల్ల గొంతులు ఇనిపిస్తున్నా, చావాలని తలపు వస్తున్నా ఉపవాస కూటం దాక ఆగొద్దు. 14416 టెలీ మానస్ నంబర్, పైసలు పడవు, తెలుగుల మాట్లాడతరు. వరంగల్ ఎంజీఎం దవాఖానల మానసిక వైద్యుల కాడికి పోవచ్చు. ప్రార్థన చేస్తున్నం కదా అని నడుస్తున్న మందు ఆపమనే హక్కు ఏ పాస్టరుకూ లేదు.

ఆఖరికి లూకా 4:13. "అపవాది ప్రతి శోధనను ముగించి, కొంతకాలము ఆయనను విడిచిపోయెను." కొంతకాలమే. మళ్ళ వస్తది. ఎప్పుడొస్తదో చానమటుకు మీకు తెల్సు. ఇంట్ల క్యాలెండర్ తీసి పెన్నుతోని గుండ్రంగ గీత గీయండి: జీతం పడే తారీకు, పత్తి అమ్మిన పైసలు చేతికొచ్చే వారం, సింగరేణి లాభాల వాటా పడే దసరా ముందటి రోజులు, ఐపీఎల్ మొదలయ్యే దినం, చుట్టాల దావత్‌లు. ఒక్కొక్క గీతకు రెండు రోజుల ముందు అట్ట తీసి మళ్ళ చదవండి, మీరు చెప్పుకున్న ఆ ఒక్క మనిషికి ఫోన్ కొట్టి, "అన్నా, శుక్రారం నా చేతికి పైసలొస్తయి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చెయ్యి" అని ముందే చెప్పి పెట్టండి.