తెలంగాణ రాజముద్ర: తోరణం లోపల చార్మినార్

స్క్రీన్ మీదున్న బొమ్మ ఒకసారి బాగా చూడండి. తెలంగాణ ప్రభుత్వ ముద్ర ఇది. సర్కారు కాగితాల మీద వందసార్లు చూసే ఉంటారు. 2014 జూన్ 2న, రాష్ట్రం పుట్టిన రోజే ఇదీ వచ్చింది. గీసింది ఏలె లక్ష్మణ్ గారు, తెలంగాణ పల్లె మనుషుల ముఖాలు గీసి పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. పేరేమో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింట్లోనూ ఉంది.

కాకతీయ తోరణం, దాని లోపల చార్మినార్, పైన సింహాలు. ఇంతేగా అనిపిస్తుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది.

ఓరుగల్లు కోటలో తోరణం ఒక్కటి కాదు, నాలుగు. స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులకు నాలుగు నిలబెట్టారు. 1323లో ఢిల్లీ తుగ్లక్ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. గుడి కూలిపోయింది. నాలుగు తోరణాలు మాత్రం నేటికీ నిలబడే ఉన్నాయి. ఇక చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. నాలుగు మినార్లు, నాలుగు వైపులా నాలుగు కమాన్లు, నాలుగు దారులు. పైనున్న సారనాథ్ సింహాలూ నాలుగే. వీపులు ఆనించుకుని నాలుగు దిక్కులు చూస్తుంటాయి. బొమ్మలో మనకు కనపడేవి మూడే.

అంటే ముద్రలో ఉన్న మూడింటికీ నాలుగు దిక్కులూ ఒకటే! కాగితం చదునుగా ఉంటుంది కాబట్టి మనకు ఒక వైపే కనిపిస్తోంది. ఇది తెలిశాక నాకైతే ఈ బొమ్మ మళ్ళీ మామూలుగా కనపడలేదు.

2024లో రాష్ట్ర ప్రభుత్వమే దీన్ని మార్చాలని చూసింది. ఇవి రాచరికపు గుర్తులు, ఉద్యమంలో ప్రాణాలిచ్చిన అమరులకు ఇందులో చోటేదీ అన్నారు. మార్చొద్దంటూ వరంగల్‌లో, చార్మినార్ దగ్గర నిరసనలు జరిగాయి. కొత్త ముద్ర ఆవిష్కరణ వాయిదా పడింది.

అమరుల మాట చిన్నది కాదు. 1969 తెలంగాణ ఉద్యమంలో పోయిన పిల్లలను తలచుకుంటే ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. రాచరికం అన్న మాటనే నేను ఒప్పుకోలేను. కట్టించింది రాజులే, కాదనను. కానీ ముద్రలో సింహాసనం లేదు, కిరీటం లేదు, కత్తి లేదు, కోటగోడ కూడా లేదు. ఉన్న రెండు కట్టడాలూ మనుషులు కిందనుంచి నడిచిపోయేవి. మన ఇళ్ళల్లో పండగపూట గుమ్మానికి మామిడాకుల తోరణం ఎందుకు కడతాం? వచ్చేవాళ్ళ కోసం. కొత్త రాష్ట్రం గుమ్మానికి ఓరుగల్లు తోరణం కట్టి, అందులోంచి హైదరాబాద్‌ను చూపించారు. రెండింటికీ మధ్య మూడు వందల ఏళ్ళకు పైనే.

ఖిల్లా వరంగల్ వెళితే తోరణం ముందు ఫొటో దిగి వచ్చేయకండి. ఒకదాని కిందనుంచి బయలుదేరి, శిథిలాల మధ్యగా, ఎదురు తోరణం దాకా నడవండి.