సెకనులో నూరో వంతు: విర్‌ధవల్ ఖాడే ఈత కథ

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. వేసవి సెలవులొస్తే నాగావళిలో, వంశధారలో, ఊరి గెడ్డల్లో ఈదే పిల్లలకి మన జిల్లాలో కొదవ లేదు. వాళ్ల అమ్మానాన్నలకి ఈరోజు ఒక ఈతగాడి గురించి చెప్పాలి. పేరు విర్‌ధవల్ ఖాడే. కొల్హాపూర్ కుర్రాడు.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లేనాటికి అతని వయసు 16. ఫ్రీస్టైల్‌లో, అంటే ఒక చెయ్యి తర్వాత ఒకటి బారలు వేస్తూ ఈదే రేసుల్లో, 50, 100, 200 మీటర్లు మూడూ ఈదాడు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైలో, అంటే రెండు చేతులూ ఒకేసారి విసురుతూ ఈదే రేసులో, కాంస్యం. 1986లో ఖజాన్ సింగ్ రజతం గెలిచాక, ఈతలో మనకి ఆసియా క్రీడల పతకం మళ్లీ అప్పుడే వచ్చింది. 24 ఏళ్లు పట్టిందండీ!

తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం అతనికి తహసీల్దార్ ఉద్యోగం ఇచ్చింది. అంటే మన ఎమ్మార్వో. గ్రూప్స్ కోసం ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్లలో కూర్చునే పిల్లలున్న ఇళ్లు మనవి, ఆ ఉద్యోగం విలువ మనకి ఒకరు చెప్పాలా? తీసుకున్నందుకు నేను తప్పుపట్టను. కానీ ఈత రోజూ చేయాల్సిన పని. కొన్నాళ్లు మానేస్తే నీటి మీద పట్టు పోతుంది. ఉద్యోగంలో పడ్డాక ఆట వెనకబడింది.

అయినా మళ్లీ దిగాడు. 2018, జకార్తా ఆసియా క్రీడలు. 50 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్స్‌లో, అంటే ఫైనల్‌కి ముందు జరిగే తొలి రేసుల్లో, 22.43 సెకన్లు, తన పాత జాతీయ రికార్డుని తనే చెరిపేశాడు. ఇక ఫైనల్. ఈ రేసులో వెనక్కి తిరగడం ఉండదు. దూకడం, తల దించి బారలు వేయడం, అంతే. ఊపిరి కోసం మొహం పక్కకి తిప్పినా వేగం తగ్గుతుందని చాలామంది దాదాపు ఊపిరి బిగబట్టే ఈదేస్తారు. చివర్లో చెయ్యి పూర్తిగా చాచి, గోడకున్న టచ్‌ప్యాడ్‌ని వేళ్లతో నొక్కాలి. జపాన్ ఈతగాడు 22.46కి నొక్కాడు. ఖాడే 22.47కి. కాంస్యం పోయింది. ఆ వేగంతో లెక్కేస్తే తేడా రెండు సెంటీమీటర్ల పైచిలుకు. చివరి బార ఇంకాస్త సాగి ఉంటే చాలు. ఆ ఫలితం చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. మధ్యలో ఆ ఏళ్లు పోకుండా ఉంటే అనిపిస్తుంది.

మన పిల్లల సంగతి. ఏట్లో ఈదేవాళ్లు తల పైకెత్తి ఈదుతారు, ప్రవాహం చూసుకోవాలి కాబట్టి. అక్కడ అదే సరైన పద్ధతి. రేసులో తల ఎత్తితే నడుము కిందకి దిగి, నీరు అడ్డుపడుతుంది. దూకడం, గోడ తాకడం ఏరు నేర్పదు. కొలత ఉన్న కొలను, పక్కన కోచ్ కావాలి. మన ఊసవానిపేటలో సాధన చేసిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది. దమ్ము మనవాళ్లకి లేక కాదు. బరువులకి ఒక షెడ్డు, ఇనుము ఉంటే మొదలుపెట్టొచ్చు, ఈతకి అలా కుదరదు.

ఖాడే 2023లో గోవా జాతీయ క్రీడల్లో 50 మీటర్ల స్వర్ణం గెలిచి ఆట నుంచి తప్పుకున్నాడు. మీ ఇంట్లో బాగా ఈదే పిల్లలుంటే, ఈ సెలవుల్లో ఒక్కసారి విశాఖ బీచ్ రోడ్డులోని ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌కి తీసుకెళ్లండి. కోచ్‌తో మాట్లాడి, స్టాప్‌వాచ్ పెట్టించి ఈదించండి. ఎంత టైమ్ వచ్చిందో కింద కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను.